గుల్ఫిదాన్‌ను నవ్వించిన కేక

అలెగ్జాండ్రియాలో పరుపులు కుట్టే మహ్రూస్ ఒకప్పుడు ఒక్క కేక వేస్తే, రేవులో బయలుదేరబోతున్న ఓడ లంగరు మళ్ళీ దించేసి అక్కడే ఉండిపోయింది. కెప్టెన్ బావురుమని ఏడ్చాడు. నావికులు టోపీలు తీసి నీళ్ళలోకి విసిరేశారు.

సరే, అంత లేదు లెండి. ఓడ ఆగిన మాట మాత్రం నిజం. ఇంజను పాడై ఆగిందని రేవులో పనిచేసేవాళ్ళు అంటారు. కెప్టెన్ ఏడ్చింది కూడా ఆ ఇంజను గురించే కావచ్చు. టోపీల సంగతి నేను పట్టుబట్టను. కేక మాత్రం జరిగింది. రేడియోవాళ్ళు దాన్ని పాటతో పాటు పట్టి దాచారు కూడా.

ఆ రోజు పాడింది గుల్ఫిదాన్. ఆమె పాడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నవాణ్ణి ఊళ్ళో ఎవరూ మనిషికింద లెక్కకట్టేవారు కాదు. చరణం చివర ఆమె గొంతు ఎక్కడో పైకి వెళ్ళి ఆగుతుంది. ఆ ఆగినచోట విన్నవాడి గుండెలోంచి "అల్లా!" అని రావాలి. రాకపోతే ఆమె ముఖం ముడుచుకుపోయేది, పాట తొందరగా ముగించేది. ఆ రోజు 'రాత్రి' అన్న మాట మీద ఆమె ఆగింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దంలో ఒక గొంతు గట్టిగా, "అల్లా! నా ప్రాణం తీశావే తల్లీ!" అంది. గుల్ఫిదాన్ ఫక్కున నవ్వింది. నవ్వి, అదే చరణం మళ్ళీ పాడింది, మళ్ళీ మళ్ళీ పాడింది. ఆమె పాడుతూ నవ్వడం అంతకుముందు లేదు, ఆ తరువాతా లేదు.

ఆ కేక తనదేనని మహ్రూస్ అన్నాడు. అబద్ధం చెబుతున్నానని అనుకోలేదు. అప్పటికి ఇంకా పెళ్ళికాని కుర్రాడు, కింద ముందు వరసల్లో కూర్చుని ఆ సాయంత్రమంతా ప్రతి ఆగుడు దగ్గరా కేకలు వేస్తూనే ఉన్నాడు. రేడియోలో వచ్చింది కూడా తన కేకల్లో ఒకటే అని మనస్ఫూర్తిగా నమ్మాడు. దసూకీ కాఫీ హోటల్లో ప్రతి గురువారం సాయంత్రం ఆ కచేరీ క్యాసెట్ వేసేవారు. టేపు రికార్డరు కింది కుర్చీ మహ్రూస్‌ది. కేక వచ్చే ముందు దసూకీ అందరినీ నోరు మూయించేవాడు. కేక వచ్చాక జనం మహ్రూస్ వైపు తిరిగి చప్పట్లు కొట్టేవారు. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచేవాడు. పగలంతా దూది ఏకే వింటి నారిని టంగుటంగుమనిపిస్తూ, ముక్కులో మీసాల్లో పీచు నింపుకుని బతికే మనిషికి ఆ ఒక్క క్షణం పండుగ.

నమ్మనివాడు ఒక్కడే, మంగలి షర్నూబీ. ఆ రోజు హాల్లో మహ్రూస్ పక్క కుర్చీలో కూర్చున్నది ఆయనే.

"ఒరేయ్, ఆ సమయానికి నీ నోటినిండా పుచ్చగింజలున్నాయి. నోరు తెరిస్తే ముందువాడి బట్టతల మీద పొట్టు రాలేది," అనేవాడు.

"నువ్వు అప్పుడు ఏడుస్తున్నావు. నీకేం కనబడుతుంది?" అనేవాడు మహ్రూస్.

ఈ తగువుతోనే ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు.

ఇలా ఉండగా మహ్రూస్ కూతురు షురూక్, మన్షియాలో ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేసే పిల్ల, తండ్రికి ఒక వస్తువు తెచ్చి ఇచ్చింది. పంచదార బిళ్ళలు రెండు పక్కపక్కన పెడితే ఎంతుంటుందో అంత. వెనక ఒక చిన్న క్లిప్పు, పక్కన మూడు మీటలు, రెండు చెవులకీ రెండు తీగలు.

"ఇదేమిటే, గుండెజబ్బు మిషనా?" అన్నాడాయన.

"పాటలు నాన్నా. నీ పాటలన్నీ ఇందులోనే ఉన్నాయి. ఇంత చిన్నది కదా అనుకోకు, పాడేవాళ్ళ ఊపిరి కూడా వినిపిస్తుంది."

దబ్బనం పట్టి పట్టి మొద్దుబారిన ఆయన వేళ్ళకు ఆ మీటలు ఒకటి నొక్కితే రెండు పడేవి. చివరకు గోటితో నొక్కడం నేర్చుకున్నాడు. చెవుల్లో పెట్టుకుని మొదటి పాట విన్నప్పుడు చుట్టూ తిరిగి చూశాడట, వాయించేవాళ్ళు ఎక్కడ కూర్చున్నారా అని. ఊదు వాద్యం తీగ మీద వేలు జారడం వినబడుతోంది. వయొలిన్ల వెనకాల ఎవరో కుర్చీ జరిపారు. ఇన్నేళ్ళూ తాను పాటను దుప్పటి కప్పుకుని విన్నానని ఆయనకు అప్పుడు తెలిసింది.

తెలిసి ఊరుకుంటే బాగుండేది. చొక్కా జేబుకు తగిలించుకుని రమల్ ట్రాము ఎక్కాడు. ట్రాములో ఎవరిమానాన వాళ్ళున్నారు. ఉన్నట్టుండి ఈయన లేచి, "అల్లా! ఇంకోసారి, నీ కాళ్ళు మొక్కుతాను!" అని అరిచాడు. ఎదురుగా కూర్చున్నావిడ ఒళ్ళోని టమాటాల సంచీ జారిపోయింది.

"ఏమిటి తాతా, ఎవర్ని?" అన్నాడు కండక్టరు.

మహ్రూస్‌కు అది వినబడలేదు. "ఆహా, చంపేశావు!" అన్నాడు.

తరువాతి స్టాపులో మర్యాదగానే దింపేశారు. ఇంటి దాకా నడిచి వచ్చాడు, దారి పొడుగునా కేకలేస్తూ.

"ఏమయ్యా, నీకేమైనా అయిందా? ఒక్కడివే కూర్చుని పొగుడుతుంటే గోడలు నిన్ను చూసి నవ్వుతున్నాయి," అంది భార్య ఇన్షిరా.

"విన్నవాడు ఊరుకుంటే పాడినవాళ్ళకు అవమానం కాదుటే?"

"ఆవిడ చచ్చిపోయి ఎన్నేళ్ళయింది! ఆవిడకు ఇప్పుడు అవమానమేమిటి?"

ఆ పెట్టె సంగతి కాఫీ హోటలుకు పాకింది. మహ్రూస్ అక్కడ గొప్పలు పోయాడు. గుల్ఫిదాన్ కచేరీ అసలు రికార్డు తన కూతురు ఎవరో పాత రేడియో ఉద్యోగి దగ్గర సంపాదిస్తోందనీ, క్యాసెట్‌లోలాగ గరగర లేకుండా అద్దంలా ఉంటుందనీ చెప్పాడు.

షర్నూబీ గ్లాసు కింద పెట్టాడు. "అయితే తీసుకురా. గురువారం దసూకీ పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే స్పీకర్లకు తగిలిద్దాం. ఆ కేక ఏ గొంతులోంచి వచ్చిందో ఊరంతా వింటుంది."

"తెస్తాను. నువ్వు మాత్రం ఆ రోజు జ్వరమని పడుకోకు."

షురూక్ ఆ రికార్డు తెచ్చి పెట్టెలో ఎక్కించింది. మధ్యాహ్నం భోజనమయ్యాక మహ్రూస్ బాల్కనీలో నులకమంచం మీద కూర్చుని గోటితో మీట నొక్కాడు.

మొదటి మాటకే ఉలిక్కిపడ్డాడు. గుల్ఫిదాన్ గొంతు కాదు. ఎవరో పడుచుపిల్ల పాడుతోంది. కాసేపటికి అర్థమైంది. దసూకీ టేపు రికార్డరు ముసలిదై నెమ్మదిగా తిరుగుతూ, ఇన్నేళ్ళూ ఆవిడ చేత చేపలవాడి గొంతుతో పాడించింది. అది ఆవిడ గాంభీర్యం అనుకుని అందరూ తలలూపారు. అసలు గొంతు ఇది, చెరుకు గడలాంటిది. ఆయన కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు. 'రాత్రి' వచ్చింది. ఆగింది. కేక వచ్చింది.

ఆడగొంతు.

వెంటనే చిన్నగా "అబ్బా!" అని, ఎవరో ఎవరినో గిల్లినట్టు. దాని వెనకనే పళ్ళ బిగువున ఇంకో ఆడగొంతు, "కూర్చోవే ముదనష్టపుదానా, పరువు తీస్తున్నావు!" ఆ పైన గుల్ఫిదాన్ నవ్వు.

మహ్రూస్ పాట ఆపాడు. మళ్ళీ వెనక్కు తిప్పి విన్నాడు. ఆ గిల్లిన గొంతు తన అత్తగారిది. ఆ కేక వేసిన గొంతు ప్రతి రోజూ వంటింట్లోంచి, "రావయ్యా, చేప చల్లారిపోతోంది" అని పిలిచే గొంతే.

ఇన్షిరా పక్కనే చాప మీద కూర్చుని ములూఖియా ఆకు తుంచుతోంది. ఆయన ఒక తీగ తీసి ఆమె చెవిలో పెట్టాడు, ఒకటి తన చెవిలో ఉంచుకున్నాడు. మీట నొక్కాడు.

ఆమె విన్నది. చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది. చెంపలు పెళ్ళికూతురివిలాగ ఎర్రబడ్డాయి.

"మా అమ్మ గోళ్ళు! వారం రోజులు తొడ మీద మచ్చ పోలేదు," అంది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"ఏమని చెప్పను? ఎదిగిన పిల్ల మేడమీది ఆడవాళ్ళ వరసలో లేచి మగవాళ్ళ మధ్యకు కేక వేసిందని తెలిస్తే నన్నెవరు చేసుకునేవాడు? అందరూ మరిచిపోతే చాలని మా అమ్మ మొక్కుకుంది. ఇంతలో రేడియోలో వేశారు, ఆ గరగరలో ఆడో మగో ఎవరికీ తెలియలేదు. అదే వారం నువ్వు మీ మేనత్తను వెంటేసుకుని మా ఇంటికి సంబంధానికి వచ్చావు."

"వచ్చాను."

"గులాబీ షర్బతు తాగుతూ, అడగకుండానే, 'ఆ కేక నాదే' అన్నావు. మా అమ్మ నా వైపు చూసింది. నేను తివాచీ వైపు చూశాను. ఆ హాల్లో కిందనుంచి ఈ మనిషి నన్ను చూశాడు, నా తలవంపు తన నెత్తిన వేసుకుంటున్నాడు అనుకున్నాను. అప్పటికి నువ్వంటే నాకేమీ లేదు, దూదివాసన తప్ప. ఆ మాటతోనే ఒప్పుకున్నాను. ఇన్నేళ్ళూ కాఫీ హోటల్లో నువ్వు అదే మాట మీద నిలబడుతుంటే, నీ గొప్పలు విని జనం నవ్వుకుంటున్నా, నేను మనసులో నీకు దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను." చేతిలో ఆకు చాప మీద పెట్టింది. "చూశావు కదూ నన్ను?"

ఆ రోజు హాల్లో మహ్రూస్ మేడవైపు కన్నెత్తి చూడలేదు. చూసి ఉంటే ఆయనకే గుర్తుండేది. నోరు తెరిచాడు. బాల్కనీ కింద ఉల్లిపాయలవాడు అరుచుకుంటూ పోయాడు. మూశాడు.

"ఊఁ," అన్నాడు.

"గురువారం నలుగురిలో ఇది వినిపిస్తే నేనింక ఈ వీధిలో తల ఎత్తను. రొట్టెల కొట్టుకు కూడా వెళ్ళను. చెబుతున్నాను," అంది, మళ్ళీ ఆకు అందుకుని.

పెట్టెను సముద్రంలో పారేద్దామా అని మహ్రూస్ రెండుసార్లు రేవు దాకా వెళ్ళాడు. పారేస్తే షర్నూబీ ఊరంతా డప్పు కొడతాడు. పైగా అందులో గుల్ఫిదాన్ ఉంది, చేతులు రాలేదు.

గురువారం సాయంత్రం అసర్ నమాజు అయ్యేసరికి దసూకీ హోటలు కిక్కిరిసింది. తలుపులంతేసి స్పీకర్ల మధ్య బల్ల మీద ఆ పంచదార బిళ్ళ.

"ఇంతేనా? టీలో వేస్తే కరిగిపోయేలా ఉంది," అన్నాడు దసూకీ.

పాట మొదలైంది. జనం ముఖముఖాలు చూసుకున్నారు.

"ఎవరిది? గుల్ఫిదాన్ కూతురా?"

"నోర్ముయ్, ఆవిడే! వయసులో ఉన్నప్పుడు!"

షర్నూబీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు. 'రాత్రి' వచ్చింది. గొంతు పైకి వెళ్ళి ఆగింది. సరిగ్గా అప్పుడు మహ్రూస్ కుర్చీ మీదికెక్కి, మెడనరాలు ఉబ్బేలా, "అల్లా! నా ప్రాణం తీశావే తల్లీ!" అని అరిచాడు. స్పీకర్లలో ఏముందో ఎవరికీ వినబడలేదు. గుల్ఫిదాన్ నవ్వు మాత్రం వినబడింది. హోటలంతా చప్పట్లు.

"చూశారా, అదే గొంతు! ఇంకా అలాగే ఉంది!"

"అలాగే లేదు!" అన్నాడు షర్నూబీ. "మళ్ళీ పెట్టు. ఈ ముసలి గాడిద నోరు నేను మూస్తాను."

మళ్ళీ పెట్టారు. షర్నూబీ వెనకనుంచి అరచెయ్యి అడ్డం పెట్టాడు. మహ్రూస్ కొరికాడు, అరిచాడు. జనం పడీపడీ నవ్వారు.

"మళ్ళీ!" అన్నాడు షర్నూబీ, చెయ్యి విదిలించుకుంటూ. "అల్లా సాక్షి, వినేదాకా కదలను."

మూడోసారికి మహ్రూస్ గొంతు పోయింది. గుటక వేశాడు, గాలి తప్ప ఏమీ లేదు. పాట నడుస్తోంది. హోటలుకు ఎదురుగా తమ బాల్కనీలో ఎప్పుడూ కనబడే ఇన్షిరా ఆ వేళ లేదు, కిటికీ మూసి ఉంది. 'రాత్రి' దగ్గరికి వస్తోంది. ఆయన కుర్చీ మీద నిలబడి నోరు తెరిచాడు, మూశాడు.

ఈసారి జనం నవ్వడం లేదు, వింటున్నారు. రెండుసార్లు ఆ అల్లరిలో పోగొట్టుకున్నదంతా ఇప్పుడు చెవిలో పడింది. ఆ గొంతు లేచింది, అద్దం మీద నీటిబొట్టులా నిలిచింది, ఆగింది. అంతే. దసూకీ, టీ గ్లాసులు మోసేవాడు, గుమ్మంలో నిలబడ్డ చేపలవాళ్ళు, అందరి గుండెల్లోంచి ఒక్కసారి "అల్లా!" అని లేచింది. అన్నిటికంటే పెద్ద కేక షర్నూబీది. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "చంపేశావే తల్లీ!" అని ఏడుస్తున్నాడు.

కళ్ళు తెరిచేసరికి చరణం దాటిపోయింది.

"వినబడిందా?" అని అడిగాడు దసూకీ.

షర్నూబీ చొక్కా అంచుతో ముక్కు తుడుచుకున్నాడు. "ఎవడు విన్నాడు! నన్ను కాసేపు వదిలెయ్యండి," అన్నాడు. మళ్ళీ పెట్టమని అడగలేదు.

ఇంటికి వెళితే ఇన్షిరా సోంపు కషాయం కాచి పెట్టింది. గొంతు ఎందుకు పోయిందని అడగలేదు. వీధి అంతా వినబడింది కదా.

ఇదంతా రాసి మహ్రూస్‌కు చదివి వినిపిస్తే, ఆయన దూది కొట్టడం ఆపి, వింటిని గోడకు ఆనించాడు.

"మొత్తం అబద్ధం. ఆ పెట్టె పాడైపోయి పడి ఉంది, అందులో ఒక్క పాటా లేదు. షర్నూబీ నన్నెప్పుడూ ముట్టుకోలేదు. నేనెవర్నీ కొరకలేదు. మా ఆవిడకు ఆ రోజు పంటినొప్పి, హాలుకే రాలేదు. కావాలంటే అడుగు, అదే చెబుతుంది. ఆ కేక నాది."