ఎంతమంది పట్టుకుంటరు?

ఇయ్యాల పొద్దున మా పెద్దబాపును నిజామాబాద్ల దవాఖానకు తోల్కపోయిన. ఆయన రుద్రూర్ దిక్కు చెరుకు పండిస్తడు. షుగర్‌తోని కాలి బొటనవేలు నల్లబడ్డది, తీసెయ్యాలన్నరు. వారం రోజుల సంది రానని మొండికేసిండు.

ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మను మెల్లగ అడిగిండు, "నన్ను ఎంతమంది పట్టుకుంటరమ్మా?"

ఆమెకు సమజ్ కాలె. అప్పుడు చెప్పిండు. ఆయన తాత చెయ్యి చెరుకు గానుగల పడి నలిగిందట. నలుగురు అదిమి పట్టుకుంటే, ఊరి వైద్యుడు రంపంతోని కోసి, నెత్తురు ఆగాలని కాగే నూనెల ముంచిండట. మత్తు లేదు, ఏం లేదు. తాత బతికిండు గని, ఆ అరుపు ముచ్చట ఇంట్ల ఇప్పటికీ చెప్పుకుంటరు.

డాక్టరమ్మ నవ్వలె. "ఎవ్వరు పట్టుకోరు బాపు. నడుముకు ఒక్క సూది ఇస్తం. నువ్వు నాతోని మాట్లాడుకుంట పండుకో" అన్నది.

గంటకు బయటికి తెచ్చిన్రు. "ఎప్పుడు కోస్తరే?" అని నన్నడిగిండు.

"అయిపోయింది పెద్దబాపు" అన్న.

కట్టు దిక్కు చూసి చానాసేపు ఏడ్చిండు. నొప్పికి కాదు, తాత యాదికొచ్చి.

మత్తుమందు కనిపెట్టిందెవరో నాకు తెల్వదు. మీకు తెలిస్తే పేరు చెప్పున్రి. పెద్దబాపు దండం పెట్టుకుంటడట.