కుంటికాకి ముట్టిన ముద్ద

ఓడలరేవులో మరిడమ్మ నోటికి భయపడనిది ఒక్క కుంటికాకి మాత్రమే.

సముద్రం ఒడ్డున దిబ్బ మీద ఆవిడ నెత్తళ్ళు ఎండబెడితే చాలు, ఆ కుంటిది ఇంకో కాకిని వెంటబెట్టుకుని దిగేది. తోడుది వెనకనుంచి వెళ్ళి కాపలా కుక్క తోక పీకేది. కుక్క అటు తిరిగేలోగా కుంటిది చేపని ఎత్తుకుపోయేది. పోనీ తిని పోతుందా అంటే, అదీ లేదు. ఎండుది గొంతు దిగదని, కడుగునీళ్ళ తొట్టిలో ముంచి నానబెట్టి, మెత్తబడ్డాక తీరిగ్గా తినేది. మరిడమ్మ వల కప్పింది, రాళ్ళు రువ్వింది, శాపనార్థాలు పెట్టింది. దాని ఈకైనా ఊడలేదు. మొగుడు పోలిరాజు పడీపడీ నవ్వేవాడు.

"నీకు సరైన జోడీ దొరికిందే," అనేవాడు.

అలా నవ్వే మనిషి ఒకనాడు వేటనుంచి వచ్చి, పడవ దిగుతూనే గుండె ఆగి పోయాడు. మరిడమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది.

పదోరోజున ఒడ్డున పిండం పెట్టారు. ఎండెక్కింది, ముద్ద పైన గట్టిపడింది. కుంటికాకి వచ్చి, చుట్టూ తిరిగి చూసి, ముట్టకుండానే సరుగుడు చెట్టెక్కి కూర్చుంది.

పోలిరాజు అన్న అప్పలస్వామికి ఆ దిబ్బ మీద ఎప్పటినుంచో కన్ను. రొయ్యల చెరువులవాళ్ళకి లీజుకిద్దామని ఆయన ఎత్తు. అదను చూసి గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు రేవులో చేపలెండేసుకుంటూ కూర్చోడం తమ్ముడికి ఇష్టం లేదమ్మా. దిబ్బ బావగారికి వదిలేస్తానని ఒక్కమాట అను, కాకి అదే ముడుతుంది."

"అనెయ్యవే, ఆకలితో తిరుగుతాడు పాపం," అన్నారు ఆడవాళ్ళు.

మరిడమ్మకి కడుపు మండింది. బతికున్నన్నాళ్ళూ తన నెత్తికి తట్ట ఎత్తిన మనిషి, పోయాక తన నోటి కూడు తీస్తాడా?

"ఆయ్, ఆయనతోనే చెప్పుకుంటానండి. మీరంతా కాస్త ఎడంగా జరగండి," అంది. ముద్ద పక్కన గిన్నెతో నీళ్ళు పెట్టింది. వంగి ఏదో గొణిగి, తనూ వెనక్కి వచ్చేసింది.

కుంటికాకి దిగింది. ముద్దలోంచి పెళ్ళ పెకలించి, గిన్నెలో ముంచి, నానాక తింది. వెనకే తోడుదీ వాలింది.

"చూసేరా, వదిలేస్తానంది, ముట్టేసింది," అన్నాడు అప్పలస్వామి నలుగురి వైపూ తిరిగి.

మరిడమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నేనన్నది అది కాదండి బావగారూ. కర్మ అవగానే దిబ్బ మీద నెత్తళ్ళు పోస్తాను, నీ కాకిని రమ్మను, అని చెప్పేనండి ఆయనకి. అది విన్నాకే ముట్టిందండి."