పొగ రాని పొగగొట్టం

“ఇన్ని మాటలు చెప్తున్నావు గానీ, నీ పెద్దింట్లో నువ్వు ఒక్క చలికాలమన్నా పడుకున్నావా, మేస్త్రీ?”

పెర్సిద ఈ మాట అడిగింది తాపీ మేస్త్రి పౌన్‌ని. గోడల సంగతి ఎవరేం అడిగినా జవాబుతో పాటు నాలుగు తిట్లు కూడా ఉచితంగా ఇచ్చి పంపే మనిషి, ఆ రోజు కాఫీ కప్పు అడుగున మిగిలిన మడ్డిలోకి చూస్తూ కూర్చున్నాడు.

మ్లావా లోయలోని ఆ ఊరి ఇళ్లను చూస్తే పౌన్ ఏం చేసి బతికాడో ఎవరూ చెప్పక్కర్లేదు. మూడేసి అంతస్తుల మేడలు, బాల్కనీల నిండా సిమెంటు స్తంభాలు, గేటుకు అటొక సింహం, ఇటొక సింహం. ఊరివాళ్లు వియన్నాకు వలసపోయి, ఏళ్ల తరబడి పరాయివాళ్ల మెట్లు కడిగి సంపాదించిన డబ్బుతో ఊళ్లో సొంత మెట్లు కట్టుకుంటారు. కట్టుకుని, వాటిని ఎక్కరు. మేడ వెనక పెరట్లో వేసవి వంటగది అని ఒకటుంటుంది. ఒక్క గది, పైన రేకులు, లోపల కట్టెల పొయ్యి. ఎండాకాలమైనా మంచు కురిసినా కాపురమంతా అందులోనే. పెద్దిల్లు తెరిచేది రెండింటికే: ఏడాదికోసారి ఇంటిని కాచే పునీతుడి పండక్కి, ఎప్పుడో ఒకప్పుడు శవాన్ని పడుకోబెట్టడానికి. బతికున్నవాళ్లు పడుకుంటే చెక్క నేల మీద గీతలు పడతాయట. ఇదంతా ఎందుకయ్యా అంటే వంశం కోసం అంటారు, రేపటి తరం కోసం అంటారు. మూసిన గదులూ బూజు వాసనా కావాలని ఏ రేపటి తరం కబురు పంపిందో మాత్రం చెప్పరు.

ఆ సింహాలన్నీ పౌన్ పోసినవే. ఆయన దగ్గరున్నది ఒకటే అచ్చు, దానికి ఎడమ చెవి విరిగింది. అందుచేత ఊళ్లో ఏ సింహానికీ ఎడమ చెవి లేదు. అయినా తమ గేటు సింహం ముందు పక్కింటి సింహం పిల్లిలా ఉంటుందని ప్రతి ఇంటివాళ్లూ మనస్ఫూర్తిగా నమ్ముతారు. పౌన్ వాళ్లను చూసి నవ్వుకునేవాడు, డబ్బు లెక్కపెట్టుకునేవాడు. చివరికి తన గేటుకు కూడా రెండు పోసుకున్నాడు.

అయితే పనితనంలో వంక పెట్టడానికి లేదు. చెప్పే తీరే కటువు.

“గోడ చీలింది, మేస్త్రీ. పుట్టీ పెట్టెయ్యనా?” అని పొరుగున ఉండే ఫిరాన్ అడిగితే, “పెట్టు. పళ్లూడినవాడు పెదాలకు రంగేసుకున్నంత అందంగా ఉంటుంది” అన్నాడు. ఆ తర్వాతే అసలు సంగతి వచ్చింది. చీలిక మీద అడ్డంగా పల్చటి గాజుముక్కను జిప్సంతో అంటించి చలికాలం దాటనివ్వాలి. గాజు పగిలితే పునాది ఇంకా కదులుతున్నట్టు, అప్పుడు పైపూతలు దండగ. పగలకపోతే హాయిగా పూడ్చుకోవచ్చు. మంచులో ప్లాస్టరింగ్ చేస్తూ, సిమెంటు మాలు గడ్డకట్టకుండా ఉప్పు కలిపిన ఇంకొకణ్ణయితే ఇంకా ఘోరంగా కడిగేశాడు. “గోడ కడుతున్నావా, క్యాబేజీ ఊరేస్తున్నావా? వసంతంలో తెల్లగా ఉప్పు పూస్తుంది, గీక్కుని రొట్టెకు అద్దుకో.”

పెర్సిద ఆయన్ని పిలిచింది డిసెంబరులో, వాళ్లింటి పునీతుడు నికోలా పండుగ దగ్గర పడ్డాక. విధవరాలు, వియన్నా పింఛను, మూడంతస్తులు. పండక్కి ఆడపడుచు వస్తోంది. పెద్దిల్లు తెరిచి చూస్తే హాలు ఉత్తరపు మూల పైకప్పు దాకా నల్లగా బూజు.

“ఛాతీ ఎత్తు దాకా ఆయిల్ పెయింటు కొట్టెయ్, మేస్త్రీ. పైన పటం తగిలిస్తాను.”

“ముందు రోగమేదో చూడనీ, వదినా.”

పౌన్ గోడకు ప్లాస్టిక్ కాగితం పరిచి, నాలుగు అంచులూ టేపుతో బిగించి వెళ్లాడు. రెండ్రోజుల తర్వాత వచ్చి చూస్తే కాగితం మీద, గది వైపున, చెమట పట్టినట్టు నీళ్లు. వెనక పొడిగా ఉంది.

“నీళ్లు గోడలోంచి రావడం లేదు. అలా వస్తే కాగితం వెనక తడిసేది. గాలిలో తేమ వచ్చి చల్లటి గోడ మీద దిగుతోంది. ఏడాదంతా మూసిపెడతావు, పండగనాడు ఇంతమందిని కూర్చోబెట్టి బీన్స్ కుండలూ చేపల పళ్లేలూ పొగలు కక్కిస్తావు. ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? నీ ఆడపడుచు సంచిలోకా?”

“అందుకే పెయింటు...”

“కడగని కాళ్లకు కొత్త మేజోళ్లు. నెల తిరక్కుండా పొక్కులు లేస్తాయి. నేను బూజు గీకి సున్నం కొడతాను, గోడ ఊపిరి పీల్చుకుంటుంది. నువ్వు వెనక గోడకు ఆనించి పోసిన మట్టి తీయించు. చూరు నీళ్ల గొట్టాన్ని పునాది దగ్గర వదలకుండా తోటలోకి తిప్పించు. ముందు పొయ్యి వెలిగించి ఈ ఇంట్లో కాపురం పెట్టు.”

“ఇందులోనా? గోడలు మసిబారిపోవూ?”

“ఇప్పుడు పాలల్లే ఉన్నాయి మరి.”

సరిగ్గా అప్పుడే పెర్సిద, నీ పెద్దింట్లో పడుకున్నావా అన్న ఆ ప్రశ్న వేసింది. వేసి ఊరుకోలేదు. “నీ భార్య దోకియా దగ్గు మా పెరట్లోకి వినిపిస్తోంది. మీ వేసవి వంటగదిలో ఇంకో చలికాలం పనికిరాదని డాక్టరు చెప్పాడట కదా. సున్నం కొట్టు, కాదనను. డబ్బులు మాత్రం మీ పొగగొట్టంలోంచి పొగ కనపడ్డ రోజు ఇస్తాను. నువ్వు మింగని మందు నాకు అమ్మకు.”

పౌన్ ఇంటికెళ్లి ఈ అవమానం భార్య ముందు వెళ్లగక్కాడు. దోకియా కల్లాకపటం లేని మనిషి, విన్నదాన్ని విన్నట్టే పట్టుకుంది. మర్నాడు ఆయన పెర్సిద గోడకు సున్నం కొడుతుండగా, ఆవిడ తమ పెద్దిల్లు తాళం తీసి, కట్టెలు మోసుకెళ్లి, ఒక్కసారీ వెలగని పొయ్యిని వెలిగించింది.

పొగ తలుపులోంచి రావడం చూసి ఫిరాన్ పౌన్‌ని పిలవడానికి పరిగెత్తాడు. పౌన్ బ్రష్షుతో సహా వచ్చేసరికి దోకియా గేటు దగ్గర సింహం వీపు పట్టుకుని, వంగిపోయి, ఊపిరి కోసం కొట్టుకుంటోంది. దగ్గు మధ్యే అడిగింది.

“పొగ పైకి పోలేదేమయ్యా?”

“పైన గొట్టముంది. దాని కింద... ఏమీ లేదు.”

స్లాబు మీద ఊరికే నిలబెట్టిన ఇటుకల పెట్టె అది. డబ్బు తక్కువ పడ్డ ఏడాది సింహాల దిమ్మెలు కట్టాడు, పొగదారి మళ్లీ ఏడాదికి వాయిదా వేశాడు. ఆ మళ్లీ ఏడాది రానేలేదు. ఊరందరి గోడలనూ తట్టి చూసినవాడు సొంత ఇంటి లోపలికి చెయ్యి పెట్టలేదు.

“కొత్తది కట్టడానికి ఇటుకలున్నాయా?” అని అడిగింది దోకియా.

“లేవు.”

“ఈ దిమ్మెల్లో ఉన్నవి ఇటుకలు కాదా?”

పౌన్ సింహాలను దించి బురదలో కూర్చోబెట్టాడు. దిమ్మెలు పగలగొట్టి, ఇటుకలు గీకి, స్లాబుకు కంత పెట్టి, పొయ్యి దగ్గర్నుంచి వంకర లేకుండా పొగదారి కట్టుకుంటూ పోయాడు. మాలు గోరువెచ్చటి నీళ్లతో కలిపాడు, కట్టినంత మేరా గోనెపట్టాలు కప్పాడు. ఉప్పు వెయ్యలేదు. అది ఆరేదాకా దోకియా ఫిరాన్ వాళ్లింట్లో పడుకుంది. దారిన పోయేవాళ్లు ఆగి, “సింహాలు సెలవులో ఉన్నాయా, మేస్త్రీ?” అని అడిగేవాళ్లు. ఆయన తాపీ ఆపేవాడు కాదు, తిట్టేవాడూ కాదు.

జనవరి చివర్లో పొగ పైకి పోయింది. దోకియా బురద బూట్లతోనే చెక్క నేల మీద నడిచి వెళ్లి, పరుపు పొయ్యి పక్కన పరుచుకుంది. పౌన్ గుమ్మం దగ్గర నిలబడి ఆ బూట్ల గుర్తుల వంక చూశాడు.

“ఏం చూస్తావు, తలుపు వెయ్యి, చలి” అంది.

వసంతానికి దగ్గు సగం తగ్గింది. మిగతా సగం ఉంది.

పెర్సిద ఇంకా వేసవి వంటగదిలోనే ఉంటోంది. పౌన్ ఇంటి పొగ ఆవిడ పెరట్లోంచి రోజూ కనిపిస్తుంది. డబ్బులు అడిగితే, పొగో మంచో ఇంత దూరం నుంచి ఎలా తెలుస్తుంది అంటుంది. సున్నం పని తాలూకు ఆరు వేల దినార్లు ఆవిడ ఇంకా ఇవ్వాలి.