మా సైకిల్‌కు కొత్త బ్రేకులు వేసిన రోజు

కరోనాకు భయపడి ఊరు ఊరంతా తలుపులు వేసుకున్న ఆ రోజుల్లో, మా సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలను మేం అలాగే అంటాం) ఆగిపోయాక గానీ మా వాడకట్టులో ఇన్ని పిచ్చుకలున్నాయని తెలియలేదు. మా బాపు, అంటే నాన్న, బుద్ధెరిగిన నాటి నుంచి సాంచా నడుపుతూ ఆ చప్పుడులోనే బతికాడు. అది ఆగిపోగానే ఆయన మాట కూడా ఆగిపోయింది. పొద్దున్నే అరుగు మీద కూర్చొని తన చేతులవైపు చూసుకునేవాడు. అవ్వ (మా ఇంట్లో అమ్మను పిలిచే పిలుపు) ఏమడిగినా "ఊఁ" అనేవాడు, అంతే. ఇంట్లో పని ఉన్నది నాకొక్కదానికే. డిగ్రీ కాగానే మందుల దుకాణంలో చేరాను, అవేమో మూయలేదు. దాంతో నా నడకే మారిపోయింది. జ్వరం బిళ్ళ ఏదో, గ్యాసు బిళ్ళ ఏదో తెలిసిన మనిషికి ఈ లోకంలో తెలియనిదేముంటుందని గట్టిగా నమ్మేదాన్ని.

ఆటోలు లేవు కాబట్టి బడి రోజుల నాటి సైకిలే దిక్కయింది. ఒకరోజు పొద్దున దిగుడు రోడ్డు మీద వెనక బ్రేకు తీగ టప్పున తెగింది. ముందుది అప్పటికే పేరుకు మాత్రం ఉంది. ఎదురుగా పోలీసులు రోడ్డుకు అడ్డంగా కట్టిన తాడు.

"ఆగుమంటె ఆగవేంది?" అని కానిస్టేబుల్ కేకేశాడు.

"నేను ఆగుతున్న సార్, సైకిలే ఆగుతలేదు" అన్నాను. పాపం, ఆయనే తాడు పైకెత్తాడు. నేను తల వంచి కింద నుంచి దూసుకుపోయి ఇసుక కుప్పలో దిగాను. చెప్పులు అరిగాయి, పరువు కూడా. "రేపు గిట్లనే అస్తె సైకిల్ గిక్కడ్నే పెట్టుకుంట" అన్నాడాయన. సైకిల్ పోతే నౌకరీ పోతుంది. ఆ రోజుల్లో ఇంట్లో పొయ్యి నా జీతం మీదే వెలుగుతోంది. ఆ సంగతి బాపుకూ తెలుసు.

ఆ రోజుకు పనికి రానని ఫోన్ చేసి, సైకిల్ దుకాణం చాచా ఇంటికెళ్తే కిటికీలోంచే తీగలు చేతికిచ్చాడు. "దుకాణం తెరిస్తె నన్ను పట్టుకపోతరు బిడ్డా. ఇంట్లనే ఏసుకోరి. తీగకు గుండున్న దిక్కు చెయ్యి పట్టుకునే కాడ కూసుంటది, ఇంకో దిక్కు చక్రం కాడ నట్టు కింద బిగించాలె. గంతే" అన్నాడు. ఆ "గంతే" అనే మాట ఎంత పెద్దదో ఇంటికొచ్చాక తెలిసింది.

నేను సైకిల్ తలకిందులు చేసి నిలబెట్టగానే బాపు అరుగు దిగివచ్చాడు. రమ్మని నేను పిలవలేదు. తీగ చూసి, "పొడుగున్నదే" అని, తీగకు తొడిగే గొట్టంలోకి దూర్చకముందే అవ్వ అడకత్తెరతో కత్తిరించాడు. అంతే, తీగ కొస చీపురులా విచ్చుకుంది. ఇక గొట్టంలోకి ఎక్కదు. బాపు అలవాటు కొద్దీ నాలుకతో తడిపి నూలు పోగును పేనినట్టు పేనాడు. నాలుకకు సన్న తీగ గుచ్చుకుంది.

"నూలైతె నా మాట ఇంటది. ఇది ఇంటలేదు" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన నోటి నుంచి అంత పొడుగు మాట. అందుకే నాకు నవ్వు వచ్చినా నవ్వలేదు. ఆయన పేనడం, నేను తోయడం, అది విచ్చుకోవడం. నేను ఫోన్‌లో వీడియో పెడితే, అందులోని సైకిల్‌కు మా సైకిల్‌తో చుట్టరికమే లేదు. మధ్యాహ్నానికి ఇద్దరం ఒకే రంగులోకి వచ్చాం, గ్రీజు రంగులోకి. చివరికి కొసలకు గ్రీజు పూసి పేనితే రెండు తీగలూ ఎక్కాయి. చక్రం తిప్పి బ్రేకు నొక్కితే ఆగింది. మేమిద్దరం దాన్ని తిప్పుతూ, ఆపుతూ, మళ్ళీ తిప్పుతూ కూర్చున్నాం.

"ఎవలన్న తొక్కి సూడాలె గద" అన్నాడు బాపు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు, నాకు పొద్దుటి ఇసుక కుప్ప దెబ్బ. గడపలో చిక్కుడుకాయలు తుంచుతున్న అవ్వ చాట పక్కన పెట్టి లేచింది. "జరుగున్రి" అంది. కొంగు నడుముకు దోపి, ఒక కాలు పెడల్ మీద పెట్టి, రెండుసార్లు నేలను తన్ని ఎక్కేసింది. వాడ చివరి దాకా వెళ్ళి, తిరిగి, నేరుగా వచ్చి మా ముందు టక్కున దిగింది.

బాపు నోరు తెరిచి చూశాడు. "నీకు సైకిల్ అస్తదా?"

"మా తల్లిగారూరు కోరుట్లల, పెండ్లిగాక ముందు బీడీల గంప ఎనుక కట్టుకొని కార్ఖానకు గిట్లనే పోదును."

"నాకెన్నడు చెప్పకపోతివి."

"నువ్వెన్నడు అడిగినవ్?" అని, మళ్ళీ చాట ముందేసుకొని, "ముందలి బ్రేకు కుడికి గాక ఎడమ చేతికి ఏసిన్రు. సూసుకొని పట్టు బిడ్డా, బోర్ల పడుతవు" అంది.

బాపు నవ్వాడు. గట్టిగా, కండ్లలో నీళ్ళు తిరిగేలా, గుచ్చుకున్న నాలుక నొప్పి పెడుతున్నా నవ్వాడు. పక్కింటివాళ్ళు గోడ మీది నుంచి తొంగిచూశారు. తీగలు విప్పి మార్చుదామని నేనంటే, "ఉండనీ, మళ్ళ విప్పుడు నాతోని కాదు" అన్నాడు. సాంచాలు మళ్ళీ నడిచే దాకా ఆ ఎడమచేతి బ్రేకుతోనే నేను మందుల దుకాణానికి వెళ్ళొచ్చాను.

ఇప్పుడు జగిత్యాలలో ఉద్యోగం చేస్తూ స్కూటీ మీద తిరుగుతున్నాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా అవ్వను ఏదో ఒక పాత సంగతి అడుగుతాను. ఒక్కోసారి చెబుతుంది, ఒక్కోసారి "పనున్నది" అని పెట్టేస్తుంది. మాస్కు పైకి లాక్కొని, అన్నీ తెలిసిన దానిలా ఇంట్లోంచి బయలుదేరే ఆనాటి అమ్మాయి అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. తన ఇంట్లో ఎవరున్నారో కూడా ఆమెకు తెలియదు. ఆనాటి నా మీద నాకు కోపం రాదు, కాస్త ముద్దొస్తుంది.