డెబ్భై గజాల తూటా

ఆ నవంబరంతా ట్వైలా హ్యాచర్‌కి కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద చిక్కుడుగింజలు ఉడుకుతుంటే గరిటె చేత్తో పట్టుకునే కిటికీ దగ్గరికి వెళ్లేది. అక్కణ్నుంచి గోడకి తగిలించిన తుపాకీ దగ్గరికి, మళ్లీ పొయ్యి దగ్గరికి. థాంక్స్‌గివింగ్ పండగ దాటిన సోమవారం జింకల వేటకి అనుమతిచ్చే వారం మొదలవుతుంది. ఉండేది ఏడు రోజులు. ఆ ఏడు రోజుల్లో రెండు జింకలు దొరికితే ఆమెకీ, ఆమె పెంచుతున్న ఇద్దరు మనవరాళ్లకీ వేసవి దాకా మాంసం ఉన్నట్టే. ముక్కలు కోసి, సీసాల్లో ఉడకబెట్టి, మూతలు బిగించి నేలమాళిగలో అరల మీద పేర్చుకుంటుంది. దొరక్కపోతే ఇంట్లో మాంసం ఉండదు. ముసలివాళ్ల ఆశ్రమంలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న ఆయాకి ఇచ్చే జీతంతో ముగ్గురు రోజూ మాంసం కొనుక్కుని తినలేరు. ఒహాయో కొండల్లో ఈ మాట విని ఎవరూ ఆశ్చర్యపోరు.

అసలు గుబులు మాత్రం మాంసం గురించి కాదు. పోయినేడు ఆమె ఒక ఆడజింకని కొట్టింది. అది పడలేదు. వెనకభాగం ఈడ్చుకుంటూ ముళ్ల గులాబీ పొదల్లోకి దూరింది. ట్వైలా రెండు రోజులు మోకాళ్ల మీద పాకి, చేతులు చీరుకుపోయేలా వెతికినా దొరకలేదు. మూడో రోజు ఆశ్రమంలో పనికి వెళ్లక తప్పలేదు. వసంతంలో ఆ పొదల మీద రాబందులు తిరుగుతుంటే చూసి, ఆ దారిన నడవడమే మానేసింది. ఇంకో జింకని అలా వదలాల్సి వస్తే తుపాకీ మళ్లీ ముట్టనని తనకు తాను చెప్పుకుంది. ముట్టకపోతే పిల్లలకి పెట్టేదేమిటన్నది మాత్రం తేలలేదు.

ఇంట్లోనూ ఊళ్లోనూ దానికి ఒక కారణం చెప్పి ఊరుకుంది. గుండు కొమ్మకి తగిలి పక్కకు పోయిందని. ఆ కారణాన్ని ఆమెకు అందించింది లోయెల్. ఆమె మాజీ మొగుడి తమ్ముడు. ఇళ్ల కప్పులు వేస్తాడు. మొగుడు విడిపోయి పదేళ్లయినా మరిది మాత్రం విడిపోలేదు. గట్టర్లు బాగుచేస్తాడు, కట్టెలు కొట్టిపెడతాడు, బదులుగా రాత్రి భోజనం తిని సలహాలు ఇచ్చిపోతాడు. గోడనున్న తుపాకీ కూడా అతనిచ్చిందే. పాత లీవర్ రైఫిల్, ఫార్టీఫైవ్-సెవెంటీ తూటా వేసేది. బొటనవేలంత లావు గుండు. దూరం ఎగిరే సన్నమెడ తూటాలు ఇక్కడ జింకలకు వాడనివ్వరు కాబట్టి, మెడ లేని తిన్నటి గొట్టం తూటాల్లో ఏది మేలని మగవాళ్లు ఏడాది పొడుగునా వాదించుకుంటారు. లోయెల్ వాదన ఎప్పుడూ ఒకటే: ఇంకా పెద్దది, ఇంకా వేడిది, అంటే మందు ఎక్కువది.

కప్పు మీంచి దిగి వచ్చిన ఒక సాయంత్రం, మొక్కజొన్న రొట్టె చిక్కుడు పులుసులో ముంచుకుంటూ అతను ఈసారి ఇంకా వేడి తూటా వేసే ఫోర్‌ఫిఫ్టీకి మారమన్నాడు. తన రైఫిల్ ఆమెకిచ్చేస్తానన్నాడు. ఆ గుండు పొదని చీల్చుకుని పోతుందట, కొంచెం అటూ ఇటూ తగిలినా జింక నిలబడదట. ట్వైలా కుడి చేత్తో గిన్నె అందించబోయి ఎడమ చేతికి మార్చుకుంది. లోయెల్ చూడలేదు.

"ఊళ్లో తుపాకుల కొట్టువాడు త్రీఫిఫ్టీ తీసుకోమన్నాడు. చిన్న తూటా, పేల్చినప్పుడు భుజాన్ని తన్నదట. ఆడవాళ్లకి మంచిదట," అంది.

"ఆడవాళ్లకి మంచిదే. జింకలక్కూడా మంచిదే. నిమ్మళంగా ఇంటికెళ్లిపోతాయి."

పెద్ద మనవరాలు పకపకా నవ్వింది. ట్వైలా కూడా నవ్వి, లేచి, అవసరం లేకపోయినా వెళ్లి కిటికీ మూసింది.

ఆ కుడిభుజం కథ లోయెల్‌కి సగమే తెలుసు. నాలుగేళ్ల కిందట ఒక బరువైన పెద్దాయన్ని మంచం మీంచి కుర్చీలోకి మార్చాలి. ఇద్దరు ఆయాలు చేయాల్సిన పని. ఆ పూట నలభైమంది ముసలివాళ్లకి ఇద్దరే ఆయాలు, రెండో ఆమె ఇంకో గదిలో ఉంది. పెద్దాయన జారాడు, ట్వైలా వదల్లేదు. భుజంలో ఏదో పట్టు తెగిన చప్పుడు ఆమెకే వినిపించింది. యాజమాన్యం పంపిన డాక్టరు అది వయసుతో వచ్చే అరుగుదల అని రాశాడు. ఆ కాగితం అబద్ధం. ఆ రోజు డ్యూటీ చార్టు తీసి చూసిన ఎవరికైనా తెలిసే అబద్ధం. చార్టు మాత్రం ఎవరూ తీయలేదు. ఆమె మర్నాడే పనిలోకి వెళ్లింది, ఆ భుజంతోనే ముసలివాళ్లని ఎత్తుతోంది, పోయినేడు అదే భుజానికి తుపాకీ మడమ ఆనించింది.

వేటకి రెండు వారాలుందనగా తూటాలు అయిపోయాయన్న నెపంతో ఎమరీ కాఫ్‌మన్ దగ్గరికి వెళ్లింది. గని యంత్రాలు బాగుచేసి రిటైరైన ముసలాయన. చెవులు సగం పోయాయి. షెడ్డులో బల్ల ముందు కూర్చుని ఇత్తడి గొట్టాలు కడిగి, మందు తూచి, గుండ్లు బిగించి ఆ చుట్టుపక్కల వాళ్లకి తూటాలు చేసిపెడతాడు. ఆమె అడిగింది వినకముందే ఏది వాడుతున్నావో చూపించమన్నాడు. లోయెల్ ఇచ్చిన డబ్బాలోంచి ఒకటి తీసి అరచేతిలో ఎగరేసి చూశాడు.

"ఇది జింక్కి కాదే అమ్మాయ్. అలాస్కా ఎలుగుబంటికి."

"పొద చీల్చుకుపోతుందని లోయెల్ అన్నాడు."

"ఏ గుండూ చీల్చుకుపోదు. రెమ్మ తగిలితే పెద్దదీ దారి తప్పుతుంది, చిన్నదీ తప్పుతుంది. ఆ మాట పుట్టించినవాడు పొదల్లో పుట్టించలేదు, బీరు బల్ల దగ్గర పుట్టించాడు."

షెడ్డు వెనక వాలులో ఒక కర్రకి కాగితం పళ్లెం మేకుతో కొట్టాడు. అరవై అడుగులు లెక్కపెట్టుకుని వచ్చి, తుపాకీ నేను నింపిస్తాను, నువ్వు అటు తిరిగి నించో అన్నాడు. ట్వైలాకి అది వింతగా తోచింది గానీ ముసలాయన పద్ధతులు ముసలాయనవి అనుకుంది. చెవులు కప్పుకుంది. మొదటిది పేలింది. పళ్లెం కింది అంచున చిరుగు. భుజంలోంచి మోచేతి దాకా నిప్పు పాకింది. రెండోది పళ్లెం కింద మట్టిలోకి పోయింది. గాలి వీచిందని అంది. ఎమరీ తుపాకీ తీసుకుని, నింపి, మళ్లీ చేతికిచ్చాడు.

మూడోసారి మీట నొక్కితే టక్‌మంది. అంతే. తూటా పేలలేదు, కానీ తుపాకీ మొన జానెడు కిందకి కొట్టింది. కళ్లు గట్టిగా మూసుకుపోయాయి. పేలని తుపాకీ పట్టుకుని, భుజం వెనక్కి లాక్కుని, ముఖం ముడుచుకుని తను నిలబడి ఉన్న తీరు ట్వైలాకి తెలిసింది. ఎవరో అద్దం తెచ్చి ముందు పెట్టినట్టయింది.

ఎమరీ తుపాకీ తెరిచి లోపలున్నది బయటికి తీశాడు. గుండు బిగించిన గొట్టమే, లోపల మందు లేదు.

ఆమెకి ముందు కోపం వచ్చింది. తనని ఆటపట్టించడానికి రెండు వేడి దెబ్బలు తినిపించాడని అరవబోయింది. అరవలేదు. పచ్చిక మీద అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడిచింది. ఎమరీ ఒక బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. అతనికి తొందరేం లేదు.

"కొమ్మ తగల్లేదు," అంది చివరికి.

"ఏ కొమ్మ?"

"పోయినేడు. అక్కడ కొమ్మే లేదు. జింక బయటే నిలబడి ఉంది, నేను కళ్లు మూసుకున్నాను. అప్పట్నుంచీ నాకు తెలుసు. ఇంకా పెద్ద తూటా అయితే సరిపోతుందని నాకు నేనే చెప్పుకుంటున్నాను."

ఎమరీ తల ఊపాడు. ఈ కొండల్లో సగంమంది మగాళ్లు చేసేదదేనని చెప్పాడు. బెదురు పుడుతుంది, గురి తప్పుతుంది, తప్పినకొద్దీ పెద్దది కొంటారు, పెద్దది ఇంకా గట్టిగా తంతుంది, బెదురు ఇంకా పెరుగుతుంది. బెదిరానని మాత్రం ఏ ఒక్కడూ నోరు విప్పి అనడు.

"నీ భుజం పిరికిది కాదు. దానికి దెబ్బ తగిలింది, ఆ సంగతి దానికి గుర్తుంది. దాన్ని ఇంకా కొడితే ఎలా మాట వింటుంది?"

త్రీఫిఫ్టీ కొనమంటారా అని అడిగింది. కొన్నా తప్పులేదన్నాడు. కానీ కొత్త తుపాకీ ఎందుకు, ఉన్నదానికే సగం మందు తూటాలు చేసిస్తానన్నాడు. అదే లావు గుండు, నెమ్మదిగా పోతుంది. ఎముక తగిలినా మాంసంలో తుక్కుగా పగలదు. పెద్ద కన్నం పడుతుంది, ముళ్ల పొదల్లో నెత్తురు జాడ తెలుస్తుంది. ఒక్కటే షరతు పెట్టాడు. డెబ్భై గజాలు. అంతకు మించి నెమ్మది గుండు కిందకి వాలిపోతుంది, కాబట్టి అవతల ఎంత పెద్ద జింక నించున్నా అది జింక కాదు, దృశ్యం. ట్వైలాకి చాలాకాలం తర్వాత లోపలినుంచి నవ్వొచ్చింది.

ఆ రెండు వారాలూ డ్యూటీ దిగగానే యూనిఫాం మీదే ఎమరీ వాలుకి వెళ్లేది. ఆయన మంచి తూటాల్లో మందు లేని ఉత్తవి కలిపి నింపేవాడు, ఏది ఎప్పుడొస్తుందో ఆమెకి చెప్పేవాడు కాదు. మొదటి నాలుగు రోజులూ మొన కింద పడుతూనే ఉంది. అయిదో రోజు తగ్గింది. ఎనిమిదో రోజు మళ్లీ పెరిగింది, ఎందుకంటే ఆ రోజు ఆశ్రమంలో మళ్లీ ఒంటరిగా ముగ్గుర్ని ఎత్తింది. మర్నాడు సూపర్‌వైజర్ దగ్గరికెళ్లి, రెండో మనిషి లేకుండా ఇక ఎత్తనని చెప్పింది. ఆవిడ నీ మీద రిపోర్టు రాస్తానంది. రాయండి, ఆ పూట ఎంతమంది డ్యూటీలో ఉన్నారో కూడా అందులో రాయండి అంది ట్వైలా. మూడు రోజులైనా రిపోర్టు రాలేదు. వస్తుందేమోనని ఆమెకి అన్నం సరిగా దిగలేదు, కానీ ఒంటరిగా మాత్రం ఎత్తలేదు.

పండగ రోజు టర్కీ కోస్తున్న లోయెల్‌కి అంతా చెప్పేసింది. కొమ్మ మాట అబద్ధమని, తను కళ్లు మూసుకుందని, ఫోర్‌ఫిఫ్టీ వద్దని. అతను కత్తి ఆపి, ఎమరీ తయారుచేసిన తూటా చేత్తో తిప్పి చూశాడు.

"ఇది సగం మందుది. జింక నిన్ను చూసి జాలిపడుతుంది, ట్వైలా."

"జాలిపడి నిలబడితే చాలు, లోయెల్. కోసేది నేనే."

సోమవారం తెల్లవారకముందే నారింజరంగు కోటు తొడుక్కుని వాగు ఒడ్డున ఓక్ మొదలుకి ఆనుకుని కూర్చుంది. కొండ అవతల ఎవరెవరివో తుపాకులు మోగాయి, ప్రతి మోతకీ భుజం ఉలిక్కిపడింది. తొమ్మిది దాటాక ఒక ఆడజింక గులాబీ పొద వెనక్కి వచ్చి ఆగింది. యాభై గజాలు. రెమ్మల మధ్యనుంచి మెడ, కడుపు, ఒక చెవి కనిపించాయి. పోయినేడయితే కొట్టేసేది. తుపాకీ ఎత్తింది, దించింది. జింక మేస్తోంది. అది కొండ పైకి వెళ్లిపోతే ఈ రోజు ఇంకోటి రాకపోవచ్చు, రేపటికి సెలవు లేదు. మళ్లీ ఎత్తింది, మళ్లీ దించింది. జింక రెండడుగులు పైకి వేసింది, తిరిగింది, వాగులోకి దిగి నీళ్లకి తల వంచింది. పక్క మొత్తం బయటపడింది.

మీట నొక్కింది. ఈసారి కళ్లు తెరిచే ఉన్నాయి. ముందుకాలి వెనక, తను గురిపెట్టినచోట, వెంట్రుకలు లేచి పడడం చూసింది. జింక ఎగిరి అవతలి ఒడ్డెక్కి పొదల్లోకి పోయింది.

అరగంట ఆగాలి. వెంటనే వెంటపడితే కొన ఊపిరి జింక కూడా మైలు పరిగెడుతుంది. ఆ అరగంట ఆమె బతుకులో చాలా పొడుగైన వాటిలో ఒకటి. గడియారం చూసింది, నాలుగు నిమిషాలే అయింది. లేచింది, కూర్చుంది. నిజంగా వెంట్రుకలు లేచాయా, లేవాలనుకుని చూసిందా అని తనతో తనే వాదులాడుకుంది. పొదల్లోకి పాకుతున్న పాత జింక రెండుసార్లు కళ్లముందు కదిలింది. ఇరవై తొమ్మిదో నిమిషంలో ఇక ఆగలేక వాగు దాటింది.

ఆకుల మీద నెత్తురు అరచేయంత మరకలుగా ఉంది. పాకక్కర్లేదు, నిటారుగా నడవొచ్చు. నలభై అడుగుల్లో జింక పక్కకి ఒరిగి ఉంది. ఎప్పుడో పోయింది. ట్వైలా దాని పక్కన కూర్చుని మెడ మీద చేయి వేసింది.

కొండ మీద తనూ వేటకి కాపు కాసిన లోయెల్ ఆమె తుపాకీ మోత విని దిగి వచ్చాడు. పొద్దుటినుంచీ అతని ఫోర్‌ఫిఫ్టీ మూడుసార్లు మోగింది. ఏం పడిందని ఆమె అడిగితే కొమ్మలు అడ్డమొచ్చాయన్నాడు. జింకని తిప్పి గుండు దూరినచోటూ బయటపడ్డచోటూ చూశాడు, నెత్తురు జాడ వెంట వాగు దాకా నడిచి తిరిగొచ్చాడు. కప్పుల మీద పాతికేళ్లు సుత్తి కొట్టిన కుడిభుజాన్ని ఎడమచేత్తో పిసుక్కున్నాడు.

"ఎమరీ ఫోర్‌ఫిఫ్టీకి కూడా చేస్తాడా, ఇలాంటివి?" అన్నాడు.

"అడిగి చూడు," అంది ట్వైలా. "ముందు కొమ్మ సంగతి చెప్పు. అది చెప్పందే ఆయన చేయడు."