గోడ నిండా ఒంటిగంటలు

మా బాబాయి గడియారాలు బాగుచేస్తాడు. పక్కనే నా జిరాక్స్ కొట్టు కాబట్టి ఆయన వైభోగమంతా నా కళ్ళెదుటే. గోడ నిండా గంటలు కొట్టే గడియారాలు. అన్నీ రోగంతో వచ్చినవే, ఏ రెండింటికీ పొంతన కుదరదు. ఏదో ఒకటి ఒంటిగంట కొట్టడం, ఆయన భూతద్దం పక్కన పెట్టి చేతులు కడుక్కోవడం. అన్నం డబ్బా ఖాళీ అయితే ఎదురుగా బేకరీ ఉండనే ఉంది.

"ఇందాకేగా తిన్నావు బాబాయ్!" అంటే, "ఒంటిగంటయిందిరా, ఏం చెయ్యను?" అనేవాడు. ఊళ్ళో ఎవరి గడియారాన్నీ నమ్మని మనిషి, కడుపు విషయంలో మాత్రం అన్నింటినీ నమ్మేశాడు!

చివరికి షుగర్ చుక్కలనంటింది. "ఇలాగే తింటే చూపు దక్కదు" అని డాక్టరు తేల్చి చెప్పేశాడు. చూపు లేకపోతే ఆవగింజంత మరలు బిగించేదెలా? బాబాయి కూడా హడలిపోయాడు. ఆ రోజు బేకరీ వైపు తల తిప్పితే ఒట్టు, మూలనున్న గడియారం ఒంటిగంట కొట్టేదాకా.

పిన్ని మాత్రం ఏడవలేదు. పాత దుప్పటి చింపి, స్టూలెక్కి, గంటలు కొట్టే సుత్తులన్నింటికీ పీలికలు చుట్టేసింది. "ఇక కొట్టండర్రా, చూస్తాను!" అంది గడియారాలతో.

సాయంత్రం పిన్ని వచ్చి చూస్తే డబ్బా మూత కూడా తీయలేదు.

"మాత్రలు మింగి పస్తున్నారా? కళ్ళు తిరిగి పడిపోతే?" అని లబోదిబోమంది.

"ఆకలి వేళయిందని ఎవరూ చెప్పలేదే!" అన్నాడు బాబాయి అమాయకంగా.

దాంతో రోజూ మధ్యాహ్నం తనే అన్నం తెచ్చి, ఎదురుగా కూర్చుని తినిపించి వెళ్ళేది. కొన్ని నెలలకు షుగర్ దిగింది. "కళ్ళకు ఢోకా లేదు" అని డాక్టరు అనగానే ఆనందం పట్టలేక ఆయన్ని ఎత్తి తిప్పబోయాను. నా నడుం పట్టేసింది. ఒళ్ళు మరీ అంత తగ్గలేదు లెండి.

మొన్న పొద్దున ఇంటి తాళంచెవి కోసం పిన్ని కొట్టుకు వచ్చింది. గుమ్మంలో కాలు పెట్టిందో లేదో, బాబాయి చేతులు కడుక్కొచ్చి బుద్ధిగా కూర్చున్నాడు.

"టిఫిన్ తిని ఎంతసేపైందండీ!"

"నాకేం తెలుసే? నువ్వు కనబడితే ఆకలేస్తోంది."

పిన్ని సిగ్గుపడాలో తిట్టాలో తెలియక రెండూ చేసింది. ఇప్పుడు భోజనం వేళ తప్ప కొట్టు ఛాయలకే రాదు. పనిపడితే సందు మలుపులో నిలబడి నాకు ఫోన్ చేస్తుంది.

"ఒరేయ్, మీ బాబాయిని కాసేపు గోడవైపు తిప్పరా. తాళంచెవి తీసుకెళ్ళాలి."