మంచు మిగిలిన లెక్క

మా ట్యూషన్ సార్ చెడ్డవాడని ఇప్పటికీ అనను. మొండివాడు. నేనూ మొండిదాన్నే. మా ఇద్దరి మధ్యకు నూరు గ్రాముల మంచుగడ్డ వచ్చి పడింది, అంతే.

ఎనభైల మొదట్లో బాన్సువాడ బస్టాండు వెనక, ఒక సైకిల్ దుకాణం మీది గదిలో ఆయన పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు పాఠాలు చెప్పేవాడు. పదో తరగతి పాసై వచ్చిన పద్దెనిమిది మందిమి. అందులో ఆడపిల్లను నేనొక్కదాన్నే, తండా నుంచి వచ్చిందీ నేనొక్కదాన్నే. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు, సార్ పుస్తకంలో ఇంకో తెలుగు. గుప్తోష్ణం అన్న మాట మొదటిసారి విన్నప్పుడు వెనక బెంచీ వాళ్ళు కిసుక్కున నవ్వారు. నేను నవ్వలేదు. మంచు కరిగేటప్పుడు వేడిని తీసుకుంటుంది కానీ తను మాత్రం వేడెక్కదు అని సార్ చెబుతుంటే, ఇది నాకు ముందే తెలుసు కదా అనుకున్నాను.

ఎట్లా తెలుసంటే, మా నాన్న నిజాంసాగర్ ప్రాజెక్టు దగ్గర చేపల గంపలు కట్టేవాడు. ఆయన్ని మేం బా అంటాం. ఊకలో కప్పిన ఐసు దిమ్మలు లారీలో వచ్చేవి. వాటిని పగలగొట్టి, గంపలో ఒక వరస ఐసు, ఒక వరస చేపలు, మళ్ళీ ఐసు పేర్చి, పైన గోనెపట్ట కుట్టేవారు. తీసుకుపోయే లారీ ఆలస్యమైతే గంపలు ఎండలో నిలిచిపోయేవి. అప్పుడు గుత్తేదారు మనిషి వచ్చి గంపల మీద వంగి వాసన చూసేవాడు. బా వాసన చూసేవాడు కాదు. కుట్టు విప్పి, మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి అడుగున వెతికేవాడు. వేళ్ళకు ఒక్క ఐసు ముక్క తగిలితే చాలు, ఆ గంప బాగున్నట్టే. చెయ్యి బయటికి తీసి ఆయన తల ఊపాక ఇంకెవరూ మాట్లాడేవారు కాదు. సెలవుల్లో నేనూ ఆ గంపల్లో చేతులు పెట్టాను. పొద్దున పెట్టినా మధ్యాహ్నం పెట్టినా చల్లదనం ఒక్క తీరుగానే ఉండేది. ముక్కలే చిన్నవయ్యేవి.

సార్ దగ్గర ఒక పద్ధతి ఉండేది. దరఖాస్తులు పంపే ముందు యాభై మార్కులకు పరీక్ష పెట్టేవాడు. ముప్పై అయిదు వచ్చినవాళ్ళ దరఖాస్తు మీద ముందు తను సంతకం చేసి, తర్వాత తండ్రి చేత పెట్టించేవాడు. రానివాళ్ళ కాగితం తండ్రి చేతికి ఉత్తగా ఇచ్చేసేవాడు. బా కూడా ఆ సంతకం మీదే నా సంగతి తేల్చేశాడు.

"సార్ అయితదంటె అయితది. కాదంటె మీ యాడితోని నాట్లకు పో" అన్నాడు.

యాడి అంటే మా అమ్మ. ఆమెతో కోటగిరి వైపు పొలాలకు మూడేళ్ళు నాట్లకు పోయాను. అది తక్కువ పని అని అనడం లేదు. నాకు అక్కర్లేదు అంటున్నాను. కాలువ తూము దగ్గర నీళ్ళు వదిలే లష్కరు ఇనుప చక్రం తిప్పితే అంత బరువు గేటు ఎట్లా లేస్తుందో నాకు కావాలి. దాన్ని ఎవరు చేశారో, ఎట్లా లెక్క కట్టారో కావాలి. ఇది ఎవరికి చెప్పినా నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

పరీక్షలో నాలుగో ప్రశ్న అయిదు మార్కులది. నలభై డిగ్రీల దగ్గరున్న నూరు గ్రాముల నీళ్ళలో, సున్నా డిగ్రీల దగ్గరున్న నూరు గ్రాముల మంచు వేస్తే, మిశ్రమం చివరి ఉష్ణోగ్రత ఎంత?

గ్రాము మంచు కరగడానికి ఎనభై కెలోరీలు కావాలి. నూరు గ్రాములకు ఎనిమిది వేలు. నీళ్ళు నలభై నుంచి సున్నాకు దిగినా ఇవ్వగలిగేది నాలుగు వేలే. అంటే సగం మంచే కరుగుతుంది. యాభై గ్రాముల మంచు మిగులుతుంది, ఉష్ణోగ్రత సున్నా. అట్లాగే రాశాను. రాస్తుంటే గంప అడుగున ఐసు ముక్క వేలికి తగిలినట్టే ఉంది.

సార్ దాన్ని ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశాడు. నాకు వచ్చినవి ముప్పై రెండు.

కాగితం పట్టుకుని బల్ల దగ్గరికి పోయాను.

"ఫార్ములా రాయకుండ కథ రాసినవేంది?" అన్నాడు సార్. "కోల్పోయిన ఉష్ణం, గ్రహించిన ఉష్ణం సమానం. సాధిస్తె మైనస్ ఇరవై వస్తది. గైడుల గూడ గదే ఉన్నది."

"ఐసు సున్నా మీద ఉన్నది సార్. నీళ్ళు నలభై మీద ఉన్నయి. రెండు కలిపితె సున్నా కిందికి ఎట్ల పోతది?"

"లెక్క అట్ల చెప్తున్నది."

"అట్లయితె లెక్క పెట్టుడే తప్పు."

మిగతా పదిహేడు మందీ మైనస్ ఇరవయ్యే రాశారు, గైడు బట్టీ పట్టి. వాళ్ళందరికీ అయిదేసి మార్కులు. నాకు ఒళ్ళు మండిపోయింది. రానిదానికి మార్కులు పోతే ఏడ్చేదాన్నేమో, వచ్చినదానికి పోతే ఏడుపు రాలేదు.

కొలిచి చూపిస్తానని పంతం పట్టి దవాఖానకు పోయాను. బాన్సువాడలో నాకు తెలిసిన థర్మామీటరు అక్కడిదొక్కటే. కంపౌండరు దాన్ని విదిలిస్తూ, "జ్వరం ఎవరికి?" అని అడిగాడు. ఐసుకని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి గాజు గొట్టం కళ్ళ ముందు పెట్టాడు. దాని మీద అంకెలు తొంభై అయిదు నుంచి మొదలయ్యాయి. మనిషి వంటి వేడి తప్ప దానికి ఇంకేం తెలియదు. చేతులూపుకుంటూ వెనక్కి వచ్చాను.

ఆదివారం తండ్రులంతా ట్యూషన్ మెట్ల మీద వరసగా నిలబడ్డారు. బా ప్రాజెక్టు నుంచి నేరుగా వచ్చాడు, తలకు రుమాలు, చొక్కాకు చేపల వాసన. మా వంతు వచ్చింది. సార్ దరఖాస్తు ఉత్తగానే ముందుకు జరిపాడు.

"తెలివి ఉన్నది గని మాట వినది" అన్నాడు. "మూడు మార్కులు తక్కువయినయి. ఈ యేడు వద్దు."

బా నా వైపు తిరిగి, కొట్లాట దేని గురించని మా మాటలో అడిగాడు. నేనూ మా మాటలోనే చెప్పాను. ఇంత గోరువెచ్చటి నీళ్ళలో అంతే ఐసు వేస్తే సగం మిగులుతుందని నేను రాశాను, సార్ అది ఐసు కంటే చల్లగా అవుతుందంటున్నాడు అన్నాను. బా సార్ బల్ల వైపు తిరిగాడు. నాకు భయం వేసింది. చదువుకున్నవాళ్ళ ముందు ఆయన తలెత్తగా నేనెప్పుడూ చూడలేదు.

"సారూ, అండ్ల ఐసు మిగుల్తదా, మిగలదా?" అన్నాడు.

"మిగలది. మొత్తం కరుగుతది."

"మొత్తం కరిగినంక నీళ్ళే గద. నీళ్ళు ఐసు కంటె సల్లగయితె మల్ల గడ్డ కట్టయా?"

సార్ గైడు తీశాడు. పేజీ తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. మెట్ల మీది తండ్రులు మెడలు చాచి చూస్తున్నారు.

"గది చేపల గంప. గిది ఫిజిక్సు" అన్నాడు. "పరీక్షల గైడు లెక్కనే దిద్దుతరు."

బా నన్ను అడిగాడు, సార్ దస్కతు లేకుంటే ఈ కాగితం పోదా అని. దరఖాస్తు తీసి చూశాను. తండ్రి సంతకం అని ఒక గడి ఉంది. సార్‌కంటూ గడే లేదు. ఆయన సంతకం చేసేది కింద ఉన్న ఖాళీలో. ఇన్నాళ్ళూ ఎవరం చూడలేదు. పోతుందని చెప్పాను.

బల్ల మీది వేలిముద్రల సిరా డబ్బా ఎవరినీ అడగకుండా బా తనే తెరిచాడు. ఐసు పగలగొట్టీ పగలగొట్టీ ఆ బొటనవేలు నున్నగా అయిపోయింది. మొదటిసారి మరకే పడింది. రుమాలుతో తుడుచుకుని, మళ్ళీ అద్ది, గట్టిగా నొక్కాడు. ఈసారి నాలుగు గీతలు కనిపించాయి. కాగితం నా చేతిలో పెట్టి, సార్‌కు వినపడాలనే తెలుగులో అన్నాడు.

"గా పరీక్షల గూడ అడుగుతె, ఐసు మిగుల్తదనే రాయి."